చేతిలో టిక్కెట్టు, నేలమీద విమానం

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లోని విమానాశ్రయంలో 2015 ఆగస్టు 7వ తేదీన ఒక విదేశీ విమానం అత్యవసరంగా దిగింది. అది బంగ్లాదేశ్‌కు చెందిన యునైటెడ్ ఎయిర్‌వేస్ వారి ఎం.డి.-83 విమానం. 173 మంది ప్రయాణికులతో ఢాకా నుండి మస్కట్‌కు పోతుండగా దారిలో ఇంజను చెడిపోయింది. ప్రయాణికులను ఆ సంస్థవారు మరొక విమానంలో తరలించారు. చెడిన విమానం మాత్రం అక్కడే నిలిచిపోయింది. మరుసటి సంవత్సరం, 2016లో, ఆ సంస్థ తన సర్వీసులన్నింటినీ ఆపివేసింది. అటుపిమ్మట ఏళ్ల తరబడి ఆ విమానం ఎండకు ఎండి, వానకు తడిసి పడి ఉండగా, దానిని నిలిపి ఉంచినందుకు చెల్లవలసిన రుసుము కోట్ల రూపాయలకు పెరిగింది.

ఇందులో గ్రహించదగిన సంగతి ఒకటి ఉన్నది. బాకీ రావలసిన విమానాశ్రయం వారి ఆవరణలోనే బాకీదారుని విమానం ఉన్నది. అయినా ఏళ్ల తరబడి బాకీ వసూలు కాలేదు. ఇక చేతిలో టిక్కెట్టు తప్ప మరేమీ లేని ప్రయాణికుని మాట చెప్పేదేమున్నది?

టిక్కెట్టు కొనడమంటే సరుకు కొనడమని జనం భావిస్తారు. నిజానికి అది అప్పు ఇవ్వడం. ప్రయాణానికి మూడు నెలల ముందు చెల్లించిన సొమ్మును సంస్థ విడిగా దాచి ఉంచదు. నాటి ఇంధనానికి, జీతాలకు, విమానాల అద్దెలకు వాడుకుంటుంది. సంస్థ సజావుగా నడిచినంతకాలం ఈ అప్పు ఎవరికీ కనిపించదు. అది దివాలా తీసిన నాడే ప్రయాణికుడు తాను ఋణదాతనని తెలుసుకుంటాడు.

మనదేశంలో ఇది అరుదైన విషయమేమీ కాదు. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న తన సర్వీసులను నిలిపివేసింది. దానిని మూసివేసి ఆస్తులు అమ్మవలసినదిగా సుప్రీంకోర్టు 2024 నవంబరు 7న ఆదేశించింది. గో ఫస్ట్ సంస్థ 2023 మే 2న తానే దివాలా దరఖాస్తు పెట్టుకొని, ఆ మరునాటి నుండి విమానాలు నడపలేదు. ముందురోజు వరకు టిక్కెట్లు అమ్మిన సంస్థే తెల్లవారేసరికి చేతులెత్తేసింది.

2016 నాటి దివాలా చట్టం ప్రకారం ట్రైబ్యునల్ దరఖాస్తును స్వీకరించిన వెంటనే ఆ సంస్థపై దావాలు నిలిచిపోతాయి. వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్లినా ప్రయోజనం ఉండదు. ఆస్తులు అమ్మగా వచ్చిన సొమ్ములో మొదట దివాలా ప్రక్రియ ఖర్చులు, పిమ్మట కార్మికుల బకాయిలు, తాకట్టు పొందిన బ్యాంకుల బాకీలు, ఆ తరువాత ఉద్యోగుల జీతాలు, తాకట్టులేని ఆర్థిక ఋణాలు, ప్రభుత్వ బకాయిలు తీరాలి. ఇవన్నీ పోగా మిగిలితే ఇతర ఋణాల వంతు. టిక్కెట్టు కొన్నవాడు నిలబడేది ఆ వరుసలో. అతని వంతు వచ్చేసరికి పాత్ర ఖాళీ అయి ఉండడమే ఎక్కువ.

స్వయంగా టిక్కెట్లు కొనుక్కొనేవారికి మరొక చిక్కు ఉన్నది. రాయపూర్ నుండి విదేశయాత్రకు బయలుదేరే కుటుంబం సాధారణంగా ఢిల్లీలోనో, ముంబయిలోనో, హైదరాబాదులోనో విమానం మారుతుంది. ఆదా కోసం రెండు టిక్కెట్లూ వేర్వేరు సంస్థల వద్ద విడివిడిగా కొన్నారనుకొందాం. మొదటి సంస్థ మూతపడితే రెండవ విమానాన్ని అందుకోలేరు. రెండవ సంస్థ తప్పు లేదు గనుక అది డబ్బు వాపసు ఇవ్వనక్కరలేదు. ముందే చెల్లించిన హోటలు గది సొమ్మూ అంతే. పోయేది ఒక టిక్కెట్టు కాదు, యాత్ర మొత్తం.

బ్రిటన్‌లో 1973 నుండి ‘అటోల్’ అనే రక్షణ పద్ధతి ఉన్నది. 2019 సెప్టెంబరు 23న థామస్ కుక్ సంస్థ కూలిపోగా, సుమారు లక్షన్నర మంది యాత్రికులను ప్రభుత్వం స్వదేశానికి చేర్చింది. కాని అక్కడ కూడా ఆ రక్షణ ప్రధానంగా ప్యాకేజి యాత్రలకే. విమాన సంస్థ వద్ద నేరుగా కొన్న ఒంటి టిక్కెట్టుకు వర్తించదు. ఆ లోటును పూరించేందుకే అక్కడి బీమా సంస్థలు విమాన సంస్థల వైఫల్యానికి ప్రత్యేక బీమా అమ్ముతున్నాయి. మనదేశంలో అటోల్ వంటి నిధి లేదు. కనుక బీమా పత్రాన్ని మరింత శ్రద్ధగా చదవవలసి ఉన్నది.

ప్రయాణ బీమా అనగానే అన్నీ అందులో ఉన్నవని అనుకోరాదు. జబ్బు, సామాను పోవడం, విమానం ఆలస్యం కావడం ఉండవచ్చు. సంస్థ దివాలా మాత్రం ఉండకపోవచ్చు, లేదా మినహాయింపుల జాబితాలో చిన్న అక్షరాలతో ఉండవచ్చు. ‘ఇన్సాల్వెన్సీ’ అన్న మాట రక్షణ కిందనే ఉన్నదా, మినహాయింపు కిందనా అని మొదట చూడాలి. ఉంటే, వాడని టిక్కెట్టు ధర మాత్రమే ఇస్తారా, పరాయి ఊరిలో చిక్కుకున్నవానికి ఇల్లు చేరేందుకు అయ్యే అదనపు ఖర్చు కూడా ఇస్తారా అన్నది రెండవ ప్రశ్న. ఎంత మొత్తం వరకు, ఏ సంస్థలకు వర్తించదు అన్నవి తరువాతివి.

బీమా తీసుకొన్న తేదీ కూడా ముఖ్యమే. సంస్థ కష్టాలు పత్రికలకెక్కిన తరువాత తీసుకొన్న బీమాకు, తెలిసిన ప్రమాదమని చెప్పి సొమ్ము నిరాకరించవచ్చు. ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వినట్లవుతుంది.

బీమా లేనివారికి మిగిలిన దారులు రెండు. క్రెడిట్ కార్డుతో చెల్లించినవారు, సేవ అందలేదని బ్యాంకుకు రాసి, చార్జ్‌బ్యాక్ పద్ధతిన సొమ్ము తిరిగి కోరవచ్చు. దీనికి గడువు ఉంటుంది గనుక జాప్యం పనికిరాదు. రెండవది, దివాలా వ్యవహారాలు చూసే అధికారి ప్రకటించిన తేదీలోగా టిక్కెట్టు, చెల్లింపు రుజువులతో క్లెయిము దాఖలు చేయడం. అందులో వచ్చేది స్వల్పమే కావచ్చు. దాఖలు చేయనివానికి ఆ స్వల్పమూ దక్కదు.

చౌక టిక్కెట్టు దొరికినప్పుడు ధర ఎంత తగ్గిందో అందరూ లెక్క వేస్తారు. ఆ సంస్థకు ఎన్ని నెలల ముందుగా, ఏ హామీ లేకుండా అప్పు ఇస్తున్నామో కూడా లెక్క వేసుకొన్నవాడే నిజంగా ఆదా చేసినవాడు.