తాబేలుకి పదడుగుల దూరం

"హవాయి వెళ్తున్నాం, తాబేళ్ళు ఎక్కడ కనిపిస్తాయి?" నేను బిగ్ ఐలండ్ వెళ్ళొచ్చిన దగ్గర్నించీ ఆఫీసులో మనవాళ్ళు కనీసం నలుగురు ఇదే అడిగారు. అగ్నిపర్వతం ఎక్కడా అని మాత్రం ఎవరూ అడగరు, అది మ్యాపులోనే కనిపిస్తుంది కదా! సరే, జవాబు చెప్తాను. కాకపోతే జవాబుతో పాటు నా సోది కూడా కాస్త వినాలి.

ముందు జవాబు. బిగ్ ఐలండ్ దక్షిణ తీరంలో పునలూ అనే నల్ల ఇసుక బీచ్ ఉంది. పగటిపూట తాబేళ్ళు ఒడ్డెక్కి ఎండలో పడుకుంటాయి. అదే దీవిలో పడమటి వైపు, కోనా ఎయిర్‌పోర్టుకి దగ్గర్లోనే, కలోకో-హొనొకొహౌ నేషనల్ హిస్టారికల్ పార్కు. మావీలో అయితే హోకీపా బీచ్, సాయంత్రం పూట వెళ్ళండి, డజన్ల కొద్దీ చేరతాయి. ఒవాహూలో నార్త్ షోర్ మీద లనియాకేయా. కవాయిలో పోయిపూ, పొద్దుగూకే వేళకి. ఈత రాకపోయినా ఫరవాలేదు, ఒడ్డున నిలబడే చూడొచ్చు. చాలాచోట్ల సముద్రపు తాబేళ్ళలో ఆడవి మాత్రమే, అదీ గుడ్లు పెట్టడానికే ఒడ్డుకొస్తాయి. ఆడామగా తేడా లేకుండా ఊరికే ఎండ కాచుకోడానికి వచ్చేది హవాయి, గాలపగోస్ లాంటి కొద్దిచోట్లే.

ఇక సోది. పునలూలో నేను వెలగబెట్టిన ఘనకార్యంతో మొదలెడతాను.

మేం రెండు కుటుంబాల వాళ్ళం వెళ్ళాం. ఇసుకంతా బొగ్గుపొడిలా ఉంది. మరుగుతున్న లావా సముద్రంలో పడి పేలి ముక్కలైతే వచ్చే ఇసుక అది. దూరంగా ఓ నల్లరాయి అనుకున్నది కాస్తా కళ్ళు తెరిచింది. మూడడుగుల తాబేలు! "కూర్మావతారం రా బాబూ, దణ్ణం పెట్టుకుని ఒక్కసారి తాకితే పుణ్యం" అన్నాడు మావాడు. శ్రీకూర్మం దాకా వెళ్ళకుండానే దర్శనం అయిపోయిందని అందరం నవ్వుకున్నాం. నేను తాకలేదు గానీ, అంతకన్నా గొప్పపని చేశాను. మా అమ్మాయిని పక్కన నిలబెట్టి ఫోటో తీద్దామని, దాని ముఖానికి రెండడుగుల దూరంలోకి వెళ్ళిపోయాను. అది తలెత్తి చూసింది. ఉస్సురంటూ ఒంటిని ఈడ్చుకుంటూ వెనక్కి నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

అక్కడే మడత కుర్చీలో కూర్చున్న ఓ స్థానిక పెద్దావిడ నన్ను తిట్టలేదు. "పాపం, ఇప్పుడే పైకొచ్చింది" అంది. అంతే. తిట్టినా బావుండేది.

ఇంటికొచ్చాక కాస్త చదివితే తెలిసింది, ఆవిడ మాటలో ఎంత ఉందో. ఈ పచ్చ తాబేలుని వాళ్ళు హొను అంటారు. పూర్వం హవాయి వాళ్ళు దీన్ని తినేవాళ్ళు, అదీ కట్టుబాట్ల ప్రకారం. తర్వాత హోటళ్ళ కోసం వేట మొదలై సంఖ్య పడిపోయింది. 1973లో ముఖ్యమైన గూళ్ళ దీవిలో లెక్కపెడితే గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడ తాబేళ్ళు 67. అంతే! 1974లో రాష్ట్రం, 1978లో అమెరికా ప్రభుత్వం వేట ఆపించాయి. ఆ తర్వాత ఏడాదికి సుమారు 5 శాతం చొప్పున పెరుగుతూ వచ్చాయి. మనకి ఈరోజు పార్కింగ్ దగ్గర్నించి నాలుగడుగులేస్తే తాబేలు కనబడుతోందంటే కారణం అదన్నమాట.

ఇక్కడ మన ఫీల్డు వాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. హవాయిలో హొను పెద్దదై గుడ్లు పెట్టడానికి పాతికేళ్ళు పైనే పడుతుంది. అంటే 1978లో పుట్టిన పిల్ల మళ్ళీ పిల్లల్ని కనేసరికి 2000 దాటిపోయింది. రెండు వారాల స్ప్రింట్‌లో ఫలితం చూపించమనే మేనేజరు ఎవరైనా ఈ ప్రాజెక్టుని మొదటి సంవత్సరమే మూసేసేవాడు.

ఇంకో సంగతి. ఈ తాబేళ్ళలో నూటికి తొంభైకి పైగా పుట్టేది మనం తిరిగే దీవుల్లో కాదు. హొనొలులుకి వాయవ్యంగా దాదాపు 500 మైళ్ళ దూరంలో ఉన్న లాలో అనే చోట. అది కూడా ఒకప్పుడు అగ్నిపర్వతమే. కోటి ఏళ్ళ పైచిలుకు కాలంలో కుంగిపోయి, ఒక రాతి కొన, పగడపు దిబ్బలు, నాలుగు ఇసుక తిన్నెలు మిగిలాయి. ముసలి అగ్నిపర్వతం మీద పుట్టి, పడుచు అగ్నిపర్వతం ఇసుక మీద ఎండ కాచుకుంటాయి ఇవి. ఆ తిన్నెల్లో ముఖ్యమైన ఈస్ట్ ఐలండ్‌ని 2018 అక్టోబర్‌లో వలాకా తుఫాను దాదాపుగా తుడిచిపెట్టేసింది. సముద్రం పైకొస్తోంది. ఇసుక వేడెక్కితే గుడ్లలోంచి ఆడపిల్లలే ఎక్కువ వస్తాయి. 2025లో ప్రపంచం మొత్తానికి పచ్చ తాబేలుని అంతరించే జీవుల జాబితాలోంచి తీసేశారని సంతోషించాను గానీ, హవాయి తాబేళ్ళ ప్రసూతి గది ఇంత చిన్నదని తెలిశాక ధీమా తగ్గింది.

"ఒక్కడు దగ్గరికెళ్తే ఏమైపోతుందండీ?" అంటారా? నేనూ అదే అనుకున్నా. ఒక్క రిక్వెస్టుతో ఏ సర్వరూ పడిపోదు. కానీ ఆ బీచ్‌కి రోజూ వచ్చే వందలమందిలో ప్రతి ఒక్కరూ "నేనొక్కణ్ణే కదా" అనుకునేవాళ్ళే. ఆ తాబేలు ఒళ్ళు వెచ్చబెట్టుకోవడానికీ, సొరచేపల భయం లేకుండా కాసేపు పడుకోవడానికీ పైకొచ్చింది. మనం లేపిన ప్రతిసారీ ఆ విశ్రాంతి పోతుంది.

నా అసలు బాధ ఇది. తరతరాలుగా దాన్ని తిన్న జనానికి 1978 నించీ ఆ హక్కు లేదు. కాస్త వేటకి అవకాశం వస్తుందన్న ఆశతో, 2012లో అక్కడి సంఘాలు దాన్ని రక్షిత జాబితాలోంచి తీసెయ్యమని అర్జీ పెట్టుకుంటే కుదరలేదు. తాతముత్తాతల తిండిని వాళ్ళు వదులుకుంటే, టికెట్ కొనుక్కుని వారంరోజులకి వచ్చిన నేను ఒక ఫోటోని వదులుకోలేకపోయాను! ఆ పెద్దావిడ అరవకుండా ఎలా ఊరుకుందో ఇప్పటికీ అర్థం కాదు.

అక్కడి అధికారులు చెప్పేది పదడుగుల దూరం. అది సలహానే. చట్టం చెప్పేది ఇబ్బంది పెట్టొద్దనీ, ముట్టుకోవద్దనీ. నా మటుకు నాకు సలహానే చట్టంలా పాటించాలనిపిస్తుంది. మనకున్నది రీడ్ పర్మిషన్ ఒక్కటే. ఫోనులో జూమ్ ఉంది, వాడండి. నీళ్ళలో ఉన్నప్పుడు అదే ఎదురొస్తే కదలకుండా ఆగండి, వెంటపడొద్దు. తిండి పెట్టొద్దు. పిల్లలకి ముందే చెప్పండి, నిజానికి వాళ్ళు మనకన్నా బాగా వింటారు.

మన తీరానికీ తాబేళ్ళొస్తాయి. విశాఖ, కాకినాడ వైపు ప్రతి ఏటా ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అదే సమయంలో చచ్చి కొట్టుకొచ్చినవీ కనిపిస్తాయి. వేల మైళ్ళు వెళ్ళి హొనుకి దూరంగా నిలబడడం నేర్చుకుంటే, ఇంటికెళ్ళినప్పుడు ఆర్కే బీచ్‌లోనూ పనికొస్తుంది.

మా అమ్మాయి ఆల్బమ్‌లో ఆ ఫోటో ఇంకా ఉంది. పిల్ల నవ్వుతోంది. వెనక తాబేలు లేదు, నీళ్ళదాకా ఈడ్చుకుంటూ వెళ్ళిన చార మాత్రం ఉంది.