పెద్దవయసులో ఫిట్స్: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

అరవై దాటాక మొదటిసారి ఫిట్స్ వస్తే పక్షవాతమో, మెదడులో గడ్డో అని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఆ అనుమానం సబబైనదే, స్కాన్ తీయాల్సిందే. అయితే మెదడులో ఏ జబ్బూ లేకపోయినా, రక్తంలో సోడియం, చక్కెర, కాల్షియం తారుమారైతే మూర్ఛ వస్తుంది. మూలం సరిచేస్తే ఇలాంటి ఫిట్స్ సాధారణంగా ఆగిపోతాయి. ఏళ్ల తరబడి మూర్ఛ మందులు మింగాల్సిన పని ఉండదు.

వీటిలో తరచుగా దెబ్బతీసేది సోడియం. లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్ ఉండాల్సింది 120 కంటే కిందికి దిగితే, అదీ ఒకటి రెండు రోజుల్లోనే దిగితే, మెదడు కణాల్లోకి నీరు చేరి అవి ఉబ్బుతాయి. కారణం చాలాసార్లు మందుల డబ్బాలోనే దొరుకుతుంది: బీపీకి వాడే హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్. కొన్ని డిప్రెషన్ మందులూ ఇంతే. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లోనూ బీపీ బిళ్ళ మాత్రం ఆగదు. పెద్దాయన మగతగా పడి ఉంటాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, నడకలో తూలతాడు. వయసు మీద పడింది లెమ్మని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. ఆ తర్వాత ఫిట్స్. ఇక్కడ కారణం వెతకకుండా కార్బమజెపైన్ అనే మూర్ఛ మందు రాస్తే సోడియం ఇంకా పడిపోవచ్చు. సోడియం ఎక్కించడంలోనూ తొందర కూడదు; 24 గంటల్లో 8–10 మిల్లీమోల్‌కు మించి పెరిగితే మెదడు కాండం శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదముంది.

ఇక చక్కెర సంగతి. మూత్రపిండాలు మందగించినవారిలో షుగర్ మందు గ్లైబెన్‌క్లమైడ్ ప్రభావం చాలాసేపు నిలిచి చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది, ఉపవాసం రోజైతే మరీను. ఫిట్స్ వచ్చాయని చేతిలో తాళంచెవులు పెట్టి కూర్చునే ఆ నిమిషాల్లోనే వేలికొస నుంచి ఒక్క చుక్క రక్తం చూస్తే సంగతి తెలిసిపోతుంది. షుగర్ విపరీతంగా పెరిగినా ఒక చెయ్యో, మూతి ఒక పక్కో ఆగకుండా కొట్టుకోవచ్చు. దానికి మందు సెలైన్, ఇన్సులిన్. మూర్ఛ మందు ఫెనిటాయిన్ అయితే ఇన్సులిన్ విడుదలను తగ్గించి షుగర్‌ను మరింత పెంచగలదు.

థైరాయిడ్ ఆపరేషన్‌లో పారాథైరాయిడ్ గ్రంథులు పోయినవారికి కాల్షియం పడిపోయి ఫిట్స్ రావచ్చు, ఒక్కోసారి ఏళ్ల తర్వాత. చాలాకాలం వాడిన స్టెరాయిడ్లు ఒక్కసారిగా మానేసినా సోడియం, చక్కెర పడిపోవచ్చు. ఎప్పుడో కాన్పులో విపరీతంగా రక్తం పోయి పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్న స్త్రీలో ఆ లోపం దశాబ్దాల తర్వాత ఇలాగే బయటపడవచ్చు. ఆనాడు పాలు పడ్డాయా, ముట్లు మళ్లీ వచ్చాయా అని అడిగితే గుట్టు దొరుకుతుంది. ఆ ప్రశ్న అడిగేవారే అరుదు.

ఫిట్స్‌తో వచ్చిన ప్రతి వృద్ధుడికీ, వృద్ధురాలికీ వెంటనే గ్లూకోమీటర్ పరీక్ష, ఆ రోజే సోడియం, కాల్షియం, క్రియాటినిన్ చూడాలని రెండు శాఖలూ ఆదేశించాలి. ఈ పరీక్షలు చేసే యంత్రాలు ఏరియా ఆసుపత్రుల్లో రాత్రిపూట కూడా నడవాలి. ప్రభుత్వ క్లినిక్‌లో థయాజైడ్ రకం బీపీ మందు మొదలుపెట్టిన పెద్దలకు కొద్ది వారాల్లోనే సోడియం పరీక్ష జరగాలి.