పొరల మధ్య చక్కెర: మిరప విత్తన నిల్వకు ఒక భౌతిక సూత్రం

పల్నాడు జిల్లా అచ్చంపేట ప్రాంతంలో మిరప కోతలు వేసవి ఆరంభానికి ముగింపునకు వస్తాయి. నారుమడులు జూలై, ఆగస్టు మాసాలలో పోస్తారు. నడుమ గల నాలుగైదు నెలలు విత్తనానికి పరీక్షాకాలం. మొదట నలభై డిగ్రీలు దాటే ఎండ, ఆపైన తొలకరి తేమ. లాం పరిశోధనా స్థానం రూపొందించిన ఎల్.సి.ఎ.-334 వంటి సూటి రకాల విత్తనాన్ని రైతు స్వయంగా నిల్వ చేసుకొనగలడు. అయితే మడిలో మొలక పలుచనైన ఏడాది అతడు ఆ అలవాటునే వదలి ప్యాకెట్ విత్తనానికి మళ్లుతాడు. దోషాన్ని సాధారణంగా రకం మీదనో, వాతావరణం మీదనో మోపుతారు. అసలు కారణం చాలాసార్లు కణపొరల మధ్య ఉంటుంది.

కణపొర సుమారు నాలుగైదు నానోమీటర్ల మందం గల లిపిడ్ ద్విపొర. విత్తనం ఎండేకొద్దీ కణంలోని పొరలు ఒకదానికొకటి చేరువవుతాయి. వాటి నడుమ ఎడం రెండు మూడు నానోమీటర్లకు తగ్గిన పిమ్మట, లిపిడ్ తలలను అంటిపెట్టుకొన్న నీరు పొరలను బలంగా వికర్షిస్తుంది. దీనినే జలయోజన బలం అంటారు. ఎండుదల ఇంకా కొనసాగితే ఈ వికర్షణ పొర తలంలో నొక్కుడుగా మారి లిపిడ్ అణువులను పక్కల నుండి దగ్గరకు నెడుతుంది. ద్రవరూపంలో ఉండవలసిన పొర బిరుసెక్కుతుంది. డి.పి.పి.సి. అనే లిపిడ్ నీటిలో 41 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి ద్రవస్థితికి వస్తుంది. పూర్తిగా ఎండినప్పుడు అందుకు వంద డిగ్రీలకు పైగా కావాలి. ప్రయోగశాలలో లిపిడ్ బుడగలను, అనగా లైపోజోములను, చక్కెర లేకుండా ఎండబెడితే అవి ఒకదానికొకటి అతుక్కొని కలిసిపోతాయి. తిరిగి తడిపినప్పుడు లోపలి పదార్థం కారిపోతుంది. తగినంత చక్కెర ఉన్నచో బుడగలు చెక్కుచెదరవు.

ట్రెహలోజ్ ఎండిన పొరలను కాపాడుతుందని జాన్ క్రో బృందం 1984లో చూపింది. విత్తనాలలో ఆ పని సుక్రోజ్, రాఫినోజ్ వంటి చక్కెరలది. కోస్టర్, లియోపోల్డ్ 1988లో విత్తన చక్కెరలకూ ఎండుదలను తట్టుకొనే శక్తికీ గల సంబంధాన్ని ప్రకటించారు. చక్కెర నీటి స్థానాన్ని ఆక్రమించి లిపిడ్ తలలకు నేరుగా బంధమేర్పరచుకొంటుందని ఒక వాదం. పొరల నడుమ చోటు నింపి, వాటిని మరీ చేరువ కానీయక, నొక్కుడును తగ్గిస్తుందని మరొక వాదం. విస్తరణ కార్యక్రమానికి రెండవ వాదమే ఎక్కువ ఉపకరిస్తుంది. చక్కెర ఎంత ఉన్నదనేదే గాక, ఎక్కడ ఉన్నదనేది కూడా ముఖ్యమని అది చెబుతుంది. డెక్స్‌ట్రాన్ వంటి పెద్ద అణువులు పొరల మధ్య ఇరుకులోకి చొరలేవు; కనుక ఆ మేలు చేయలేవు. అలాగే సుక్రోజ్ స్ఫటికంగా విడిపోతే దాని రక్షణ పోతుంది. రాఫినోజ్ ఆ స్ఫటికీకరణను అడ్డుకొంటుంది.

దీని నుండి మొదటి పాఠం స్పష్టం. ఈ చక్కెర బయటి నుండి పూసేది కాదు. గింజ పక్వమయ్యే దశలో కణం స్వయంగా సమకూర్చుకొనేది. కనుక విత్తనానికి ఏరే కాయ చెట్టు మీదనే నిండు ఎరుపుకు రావాలి. దోరకాయ కళ్లంలో ఎర్రబడినంత మాత్రాన గింజ సిద్ధమైనట్లు కాదు.

రెండవ పాఠం నిల్వకు చెందినది. ఎండిన కణంలో చక్కెరలు గాజు వంటి గట్టి స్థితిలో ఉండి అణువుల కదలికను నిలుపుతాయి. తేమ పెరిగినా, వేడి పెరిగినా ఆ గాజు మెత్తబడుతుంది. లిపిడ్ల ఆక్సీకరణ, పొరల కలయిక వేగం పుంజుకొంటాయి. తేమ ఒక శాతం తగ్గితే నిల్వకాలం రెట్టింపవుతుందని, ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలు తగ్గినా అంతే మేలని హారింగ్టన్ చెప్పిన స్థూల సూత్రానికి భౌతిక ఆధారాలలో ఇదొకటి. మిరప విత్తనానికి తేమ సాధారణ సంచిలో 8 శాతం, ఆవిరి చొరని డబ్బాలో 6 శాతం మించరాదనీ, మొలక కనీసం 60 శాతం ఉండాలనీ ధ్రువీకరణ ప్రమాణం. ఈ అంకెలను శిక్షణలో కంఠస్థం చేయిస్తారు. వాటి వెనుక కారణం చెప్పరు. కారణం తెలియని రైతు మార్చిలో బాగా ఎండబెట్టిన గింజను గుడ్డమూటలో కట్టి అటక మీద పెడతాడు. జూన్ గాలి ఆ శ్రమనంతా వృథా చేస్తుంది.

పొర దెబ్బతిన్నదని తెలుసుకొనుటకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. విత్తనాన్ని నానబెట్టిన నీటి విద్యుద్వాహకతను కొలిస్తే, కారిన లవణాల వలన పొర బలహీనత తెలుస్తుంది. బఠాణి, శనగలకు ఈ పరీక్ష అంతర్జాతీయ గుర్తింపు పొందినది. మిరపలో ఈ కొలతకూ మడిలోని మొలకకూ గల పొంతనను స్థానిక నిల్వ పరిస్థితులలో నిగ్గుతేల్చడం స్నాతకోత్తర విద్యార్థులకు తగిన పరిశోధనాంశం.

విత్తన శాస్త్ర బోధనలో జలయోజన బలం, గాజు స్థితి అనే రెండు భావనలకు కనీసం ఒక్క తరగతి కేటాయించాలి. గ్రామ సభలలో వాటి సారాన్ని మూడు మాటలలో చెప్పవచ్చు: పండిన కాయనే విత్తనానికి ఏరాలి, నీడలో నిదానంగా ఆరబెట్టాలి, తొలకరికి ముందే గాలి చొరని డబ్బాలో మూత బిగించాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా, మిగిలిన రెండూ పొరను కాపాడలేవు.