పచ్చబొట్టు సిరాకు పూచీ ఎవరిది?

మన అవ్వల చేతుల మీది పచ్చబొట్లు మసి, ఆకుపసరుతోటి పొడిచినయి. ఇప్పుడు జాతరల, పట్నం దుకాండ్ల పొడిచేది రంగురంగుల సిరా. అండ్ల ఎలర్జీ ఎక్కువ తెచ్చేది ఎర్రరంగు. ఒకప్పుడు ఆ ఎర్రరంగుల పాదరసం ఉంటుండె, ఇప్పుడు ఎక్కువగ అజో రంగులు. పొడిపిచ్చుకున్న నెలలకు, ఏండ్లకు గూడ ఎర్రరంగు ఉన్నకాడనే ఉబ్బుతది, దురద లేస్తది. సూది కొత్తదైనా ఇది ఆగదు. ఎందుకంటే మర్మం సిరాల ఉంది.

యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి ఈ సిరాలల్ల 4,000కు పైగ రసాయనాలకు కట్టడి పెట్టింది. మన దగ్గర 2025ల కర్ణాటక సర్కారు, సిరా నమూనాలల్ల 22 లోహాలు దొరికినయని చెప్పి, ప్రమాణాలు పెట్టుమని కేంద్రాన్ని అడిగింది. మన రెండు రాష్ట్రాల సర్కార్లు గూడ అడగాలె. సీసాల ఏమున్నదో సీసా మీద రాయాలన్న నియమం గూడ లేకుంటే, పరీక్ష జరిగేది మన పిల్లల పెయ్యి మీదనే.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ! పేరు లేని సిరా అయితే పొడిపిచ్చుకోకుర్రి. దురద లేస్తే లేజరుకు ఉరకకుర్రి, దాంతోటి ఎలర్జీ ఒళ్లంత పాకొచ్చు. ముందుగాల చర్మం డాక్టరుకు చూపియ్యుర్రి. తర్వాత మీ ఎమ్మెల్యేను నిలదీయుర్రి. నేను పచ్చబొట్టు వద్దంటలేను, పూచీ లేని సిరా వద్దంటున్న.