పురుగుకు పెట్టే అన్నం

1689లో సూరత్ యాత్రకు బయలుదేరిన ఆంగ్ల మతాచార్యుడు జాన్ ఓవింగ్టన్ అక్కడ తనను విస్మయపరచిన ఒక ధర్మకార్యాన్ని తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. ఊరికి మైలు దూరంలో ఆ నగర వర్తకులు ముసలి ఆవులకు, కుంటి గుర్రాలకు, జబ్బుపడిన కుక్కలకు ఒక శరణాలయం నడిపేవారు. దాని చెంతనే నల్లులు మొదలైన క్రిములకు వేరొక ఇల్లు ఉండేదట. వాటి ఆహారం మనుష్యరక్తం. అందువలన అప్పుడప్పుడు ఒక పేదవానిని కూలికి కుదిర్చి, తెల్లవారకముందే పారిపోకుండా మంచానికి బంధించి, రాత్రంతా వాటి నడుమ ఉంచేవారని ఆయన కథనం.

ఇందులో పరదేశి పరిహాసం కొంత లేకపోలేదు. కాని పురుగుల గది మాట మరొకరూ చెప్పారు. అలెగ్జాండర్ బర్న్స్ 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించిన వ్యాసంలో, సూరత్ శరణాలయంలోని సుమారు 25 అడుగుల పొడవైన ఒక ఇంటిని వర్ణించాడు. ఎత్తుగా కట్టిన చెక్కల నేల క్రింద ధాన్యం గుమ్మరించేవారు. అందులో అసంఖ్యాకంగా పురుగులు పుట్టి పెరిగేవి. పుచ్చిన గింజలోని ప్రాణిని సైతం చంపరాదన్న అహింసాధర్మమే ఆ గదికి పునాది.

శాస్త్రదృష్టితో చూస్తే అదొక కీటకాల పెంపకశాల. చీకటి, వెచ్చదనం, ధాన్యం ఉంటే చాలు, ముక్కుపురుగులు, పిండిపురుగులు తామే వర్ధిల్లుతాయి. గొల్లభామను పెంచేవారు నేడు డబ్బాలలోనూ సీసాలలోనూ చేసేది ఇదే. ఒక్కటే భేదం: సూరత్‌లో పురుగును బ్రతికించడానికి పెంచారు, వీరు తినిపించడానికి పెంచుతారు.

ముందుకాళ్లు జోడించి నమస్కరిస్తున్నట్లు కనిపించే గొల్లభామ అచ్చమైన మాంసాహారి. కదలని ఆహారాన్ని అది సాధారణంగా ముట్టదు. ఈనెపుల్ల వంటి పిల్లలకు, మాగిన పండ్లపై ముసిరే చిట్టి ఈగలు కావాలి. సీసాలో అరటిపండు గుజ్జు, చిటికెడు ఈస్ట్ వేసి, కొన్ని ఈగలను వదలి, మూతికి పలుచని గుడ్డ కడితే, వెచ్చని వాతావరణంలో పది పన్నెండు రోజులకు కొత్తతరం వెలువడుతుంది. పెద్దవాటికి కీచురాళ్లు తగిన ఆహారం. వాటికి తవుడు, కూరగాయ ముక్కలు, తడి దూది, గుడ్లు పెట్టడానికి చెమ్మగల ఇసుక సమకూర్చాలి. ఎరపురుగు తిన్నదే గొల్లభామకు చేరుతుంది. కనుక దానిని పస్తుంచితే దీనికీ పుష్టి ఉండదు. మందు చల్లిన పొలం నుండి పట్టి తెచ్చిన పురుగు విషంతో సమానం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కుబుసం విడిచే ముందు గొల్లభామ ఆహారం మానివేస్తుంది. ఆ సమయంలో గూటిలో మిగిలిన కీచురాయిని తీసివేయకపోతే, అదే దాని మెత్తని శరీరాన్ని కొరికి చంపగలదు. భోజ్యం భోక్తను భక్షించడమంటే ఇదే.

గుడ్ల తిత్తి నుండి ఒక్కసారిగా పదుల సంఖ్యలో, ఒక్కొక్కప్పుడు వందకు పైగా పిల్లలు వస్తాయి. ఆనాటికి ఈగల సీసా సిద్ధంగా లేకపోతే అవి ఒకదానినొకటి తింటాయి. కనుక ముందు ఆహారం, తరువాతనే అతిథి. ఒక ప్రాణికై మరికొన్ని ప్రాణులను బలి ఇవ్వడానికి మనసొప్పనివారు గొల్లభామను కంచెమీది కొమ్మపైనే చూసి ఆనందించవచ్చు. అక్కడ దాని వేటను అదే చూసుకుంటుంది. గూటిలో పెట్టిన తరువాత మాత్రం, తినేదాని ఆకలితోపాటు తినబడేదాని ఆకలి కూడా పెంచేవాని బాధ్యతే.