వర్ణసంకరం లేకుండా బొమ్మ లేదు

వర్ణం అంటే రంగు. మనుషుల్ని నాలుగు మెట్ల మీద నిలబెట్టిన ఏర్పాటుకీ అదే పేరు. ఆ నాలుగింటికీ అవతల ఉంచిన మనకి ఆ లెక్కలో రంగే లేదు.

మనుస్మృతి పదో అధ్యాయం చూడండి. శూద్ర పురుషుడికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టినవాణ్ణి చండాలుడంటుంది, మనుషుల్లో అధముడంటుంది. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడి భయాల్లోనూ వర్ణసంకరం ఉంది. రంగులు కలిసిపోతాయేమోనన్న భయం!

ఇదే మాట బొమ్మలేసేవాడితో అని చూడండి, నవ్వుతాడు. కలపకపోతే బొమ్మ ఎక్కడిది?

మా ముమ్మిడివరంలో ఏప్రిల్ 14 దగ్గర పడితే గోడరాతలకీ, బాబాసాహెబ్ బొమ్మలకీ నేనూ ఓ చెయ్యేస్తాను. రంగులు కలుపుకునే ప్యాలెట్ ముందు కూర్చుంటే తెలిసేది ఒకటుంది. ప్రతి రంగుకీ ఒక గుణం ఉంది. హోదా మాత్రం లేదు. హోదా మనుషులు అంటగట్టిందే.

ముందు నీలం సంగతి. అల్ట్రామెరైన్ అనే నీలాన్ని ఒకప్పుడు ఆఫ్ఘనిస్తాన్ బదక్షాన్ గనుల్లోని లాపిస్ లాజులి రాయి నూరి తీసేవారు. ఐరోపాలో దాని ధర బంగారంతో పోటీపడేది. మేరీమాత పైవస్త్రానికని దాచి వాడేవారు. 1820ల చివర్లో దాన్ని కృత్రిమంగా తయారుచెయ్యడం తెలిసింది. అంతే, తెల్లబట్టలకి పెట్టే నీలిమందు పొడి అయి చాకిరేవు దాకా వచ్చింది. రంగు అదే. దాని చుట్టూ ఉన్న కాపలా పోయిందంతే. 1942లో బాబాసాహెబ్ పెట్టిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండా రంగూ నీలమే. కోనసీమలో ఆ జెండా మోసినవాడు బొజ్జా అప్పలస్వామి.

ఇక నలుపు. దీపం మసి నుంచి తీసే రంగు, అందరి ఇళ్ళలోనూ ఉండే కాటుక. నలుపు వాడితే బొమ్మ మాసిపోతుందని చెప్పే మాస్టార్లు ఉన్నారు. కానీ పసుపులో కొంచెం నలుపు కలిపి చూడండి, ముదురు ఆకుపచ్చ వస్తుంది. ముదిరిన కొబ్బరాకు రంగు! కోనసీమ అనగానే క్యాలెండర్లలో పచ్చదనం చూపిస్తారు. ఆ పచ్చలో ఊడ్పుల్లో ఎండకి కమిలిన వీపుల నలుపు ఎంత కలిసిందో చూపించరు. రాజమండ్రి కవి కుసుమ ధర్మన్న 1920ల్లో 'మాకొద్దీ నల్లదొరతనము' అన్నాడు. ఆయన ఎదిరించింది చర్మం రంగుని కాదు, మన మధ్యే ఉన్న దొరతనాన్ని.

తెలుపు గుణం వేరు. దేనిలో కలిస్తే దాన్ని పాలిపోయేట్టు చేస్తుంది. ఎరుపు గులాబీ అవుతుంది, నీలం వెలిసిన ఆకాశం అవుతుంది. పైగా తాను రంగే కాదన్నట్టు, అందరికీ చెందినదన్నట్టు కనిపిస్తుంది. 2022లో మన జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నప్పుడు విన్నాం కదా: "కోనసీమ అంటే చాలు, మధ్యలో ఆ పేరెందుకు, అందరం ఒక్కటేగా!" ఆ తెల్లటి మాటల వెనకే మే 24న అమలాపురంలో మంటలు లేచాయి. మంత్రి ఇల్లు, మన ముమ్మిడివరం ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. పేరు నిలిచింది. కానీ 'అందరం ఒక్కటే' అనే మాట ఎవరి రంగు చెరిపేయడానికి వస్తోందో చూసుకోవడం నేర్చుకోవాలి.

మరి ఒంటి రంగు? అమెరికాలో క్రేయోలా కంపెనీ లేత గులాబీ క్రేయాన్‌కి 'ఫ్లెష్' అని పేరు పెట్టి, 1962లో 'పీచ్' అని మార్చింది. మన పిల్లలు ఆ రంగుని ఇంకా 'స్కిన్ కలర్' అనే అడుగుతారు. ఎవరి స్కిన్? మనవాళ్ళ మొహం వెయ్యాలంటే కాల్చిన మట్టి రంగు, పచ్చమట్టి రంగు, చిటికెడు నీలం కలపాలి. ఏ ట్యూబులోనూ సిద్ధంగా దొరకదు.

"అన్నా, అన్నీ కలిపేస్తే బురదే కదా, మన అస్తిత్వం ఏమైపోతుంది?" అని విద్యార్థి మిత్రులు అడుగుతుంటారు. ప్యాలెట్‌నే చూడండి. అంచున ప్రతి రంగూ తన ముద్దగా తన చోట ఉంటుంది. కలిసేది మధ్యలో. అంచున నీలం ముద్దే లేకపోతే మధ్యలో కలిపేందుకు ఏమీ ఉండదు. మన జెండా, మన పేరు, మన చరిత్ర ఆ ముద్ద. దాన్ని వదులుకోమనేది కలుపుకోవడం కాదు, తుడిచేయడం. అలాగే ముద్దని మూతపెట్టి ఎండబెట్టుకుంటే బొమ్మా రాదు.

బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో కులానికి అసలు మందు కులాంతర వివాహమని రాశారు. మనువు శపించిన సంకరాన్నే ఆయన మందన్నారు. మనం ఏటా విగ్రహానికి కొత్త రంగు వేస్తాం, మంచిదే. మీ కాలేజీలో కులం దాటి పెళ్ళి చేసుకున్న జంటకి అద్దెకి ఇల్లు దొరకలేదంటే వెతికిపెట్టండి. రిజిస్ట్రార్ ఆఫీసులో సాక్షి సంతకానికి మనిషి కావాలంటే మీరు వెళ్ళండి. పెద్దలు బెదిరిస్తే పక్కన నిలబడండి. రంగులు కలిపే పని అక్కడుంది.

జై భీమ్.