లెక్కలకూ ఒక నాడకచేరి పెట్టండి

ఐఐటీ బాంబేలోని ఫాసీ (చదువులో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) బృందానికి,

నేను బాగేపల్లిలో లెక్కల అయ్యవారిని.

మా పిల్లలది ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, కాలేజీకొచ్చాక ఇంగ్లీషు. పోయినేడు ఒక ఓపెన్ సోర్స్ గణిత సాఫ్ట్‌వేర్ హెల్ప్ పేజీలో సింప్సన్ సూత్రం చూపిస్తుంటే, చింతామణి నుంచి వచ్చే అమ్మాయి లేచింది. "సార్, 4 తర్వాత 2 రావల్ల కదా, మళ్లీ 4 ఉందే?" నిజమే. గుణకాలు 1, 4, 2, 4, 1 ఉండాల్సిన చోట 1, 4, 4, 4, 1 పడింది.

ఆ ఒక్క అంకె దిద్దడానికి మూడు సాయంత్రాలు కూర్చున్నాం. గిట్‌హబ్‌లో ఫోర్క్ చేశాం, గిట్‌లో బ్రాంచ్ తీశాం, నడుమ ఏం నొక్కామో ఏమో, ‘డిటాచ్డ్ హెడ్’ అని వచ్చింది. "తలకాయ ఊడిపొయ్యిందంట సార్!" అని పిల్లలు ఒకటే నవ్వు. చివరికి ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈమెయిల్ రాసి ఊరుకున్నాం.

మార్పుల లెక్క ఉంచే గిట్‌ను తప్పుపట్టను. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని చేసింది లినక్స్ కర్నెల్ రాసేవాళ్ల కోసం, మాకోసం కాదు. అయినా దాని లోపలి సంగతి మా రైతులకు పాతదే. పొలం పహణిలో పేరు మారితే ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అన్నది మ్యుటేషన్ రిజిస్టర్‌లో ఉంటుంది, ఆక్షేపణకు గడువుంటుంది. గిట్‌లో కమిట్ అంటే ఆ నమోదు, పుల్ రిక్వెస్ట్ అంటే అర్జీ. ఇలా చెప్పాకే ఆ అమ్మాయికి తలకెక్కింది. (నాకూ అప్పుడే అనుకోండి.) కానీ అర్జీ ఇవ్వడానికి రైతు భూరికార్డుల ‘భూమి’ సాఫ్ట్‌వేర్ నేర్చుకోడు. హోబళిలో (కొన్ని ఊళ్లకు కలిపి) ఉండే నాడకచేరి అనే రెవెన్యూ ఆఫీసుకు పోతాడు, కంప్యూటర్‌లో ఎక్కించేది అక్కడివాళ్లు.

సైలాబ్ టెక్స్ట్‌బుక్ కంపానియన్‌లో పాఠ్యపుస్తకాల లెక్కలకు విద్యార్థుల చేత కోడ్ రాయించినవాళ్లు మీరు. ఇంగ్లీషు తెర మీద తెలుగు, కన్నడ గొంతులు వినిపించే స్పోకెన్ ట్యుటోరియల్ పుట్టిందీ మీ ఐఐటీలోనే. అందుకే మిమ్మల్నే అడుగుతున్నా. తప్పున్న పేజీ, ఇప్పుడున్న వాక్యం, ఉండాల్సిన వాక్యం, కారణం: ఈ నాలుగు గళ్ల అర్జీ పెట్టండి. తెలుగులో నింపినా, కన్నడలో నింపినా చెల్లాలి. బ్రాంచ్ తీసి పుల్ రిక్వెస్ట్ పంపే పని మీ ఇంటర్న్‌లు చూసుకుంటారు. గిట్‌హబ్‌లో పెన్సిల్ బొమ్మ నొక్కి బ్రౌజర్‌లోనే దిద్దొచ్చని నాకూ తెలుసు. ఆ పెన్సిల్ దాకా వచ్చేలోపే మా పిల్లలు వెనక్కి పోతున్నారు.

ఒక్క షరతు. కమిట్‌లో రాసినవారి పేరు, ఎక్కించినవారి పేరు గిట్ వేరువేరుగా ఉంచుతుంది. ఎక్కించినవారి గడిలో మీ ఇంటర్న్ పేరు ఉండనివ్వండి. రాసినవారి గడి మాత్రం ఆ చింతామణి పిల్లది.

నిన్న ఆ పేజీ మళ్లీ చూశాను. 4 ఇంకా అక్కడే ఉంది.

ఇట్లు,
బాగేపల్లి లెక్కల అయ్యవారు